పంపబడినది, కానీ చేరలేదు

విశ్రాంత ఉద్యోగి ఒకరు వైద్య ఖర్చుల దరఖాస్తును వెబ్ పేజీలో నింపి మీట నొక్కుతారు. ‘మీ దరఖాస్తు పంపబడినది’ అని తెర మీద కనిపిస్తుంది. నెల గడిచినా జవాబు రాదు. విచారిస్తే, ఆ ఈమెయిల్ కార్యాలయానికి చేరనే లేదని తేలుతుంది. ఈలోగా గడువు దాటిపోతుంది. ఇటువంటి ఫిర్యాదును ఎలా పరిశీలించాలో ఈసారి వివరిస్తున్నాము.

ఆ వాక్యమే మొదటి అసత్యమని మా అభిప్రాయం. పీహెచ్‌పీలోని మెయిల్ ఫంక్షన్ ‘సరే’ అన్నదంటే, ఉత్తరం అదే సర్వర్‌లోని సెండ్‌మెయిల్ వంటి ప్రోగ్రాముకు అందినదని మాత్రమే అర్థం. తపాలా పెట్టెలో వేసిన ఉత్తరం చేరినట్లు కాదు కదా!

కనుక ముందుగా మెయిల్ లాగ్ చూడాలి. అందులో ఉత్తరం ఆనవాలే లేకపోతే అడ్డంకి సర్వర్ లోపలే ఉన్నదన్నమాట. భద్రత కోసం ఆ ఫంక్షన్‌నే నిషేధించి ఉండవచ్చు. రెడ్ హ్యాట్ తరహా లినక్స్‌లోనైతే, వెబ్ సర్వర్ మెయిల్ పంపడానికి ఎస్‌ఈలినక్స్ మొదట అనుమతించదు. ఆ ఒక్క అనుమతిని విడిగా ఇవ్వాలి. కొందరు ఎస్‌ఈలినక్స్‌నే పూర్తిగా ఆపివేస్తారు. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకోవడమంటే ఇదే.

లాగ్‌లో ఉత్తరం కనిపించి, అవతలి సర్వర్‌తో సంబంధం కుదరక గడువు ముగిసినట్లు ఉంటే, ఫైర్‌వాల్ 25వ పోర్టును మూసి ఉండవచ్చు. స్పామ్ బెడద వల్ల చాలాచోట్ల ఇలా మూస్తారు. దానిని తెరవమని పట్టుబట్టనవసరం లేదు. పేరు, సంకేతపదం ఇచ్చి మెయిల్ అప్పగించడానికి 587వ పోర్టు 1998 నుండే నిర్దేశింపబడి ఉన్నది. సంస్థ మెయిల్ సర్వర్‌కు ఆ దారిన పంపితే చాలు.

సర్వర్ దాటిన ఉత్తరానికీ గండం తప్పదు. దరఖాస్తుదారు జీమెయిల్ చిరునామానే పంపినవారి స్థానంలో పెట్టడం ప్రోగ్రామర్లకు అలవాటు. జీమెయిల్ పేరుతో వేరొక సర్వర్ పంపిన ఉత్తరాన్ని స్వీకరించేవారు అనుమానిస్తారు. గూగుల్, యాహూ 2024 ఫిబ్రవరి నుండి ఈ తనిఖీలను మరింత బిగించాయి. ఆ స్థానంలో సంస్థ చిరునామా ఉంచి, దరఖాస్తుదారుది జవాబు చిరునామాగా ఇవ్వాలి. తిరుగుటపా కూడా ఎవరూ తెరవని ‘అపాచీ’ ఖాతాకు కాక, రోజూ చూసే పెట్టెకు చేరేటట్లు చూడాలి.

అన్నిటికంటే ముఖ్యం, దరఖాస్తును మొదట డేటాబేస్‌లో భద్రపరచి, ఆ తరువాతనే మెయిల్ పంపడం. అప్పుడు తెర మీద ‘పంపబడినది’ అనడానికి బదులు ‘నమోదైనది’ అని, దానితోపాటు ఒక సంఖ్యను చూపవచ్చు. పాఠకులు ఆ సంఖ్యను రాసిపెట్టుకోవాలి. మెయిల్ దారి తప్పినా, దరఖాస్తు ఏ తేదీన అందినదో దానితోనే రుజువవుతుంది.