అయిదు రోజుల తీరిక ఎవరిది?

మన జట్టు ఆస్ట్రేలియా వెళ్ళినప్పుడు మెల్‌బోర్న్‌ టెస్టు డిసెంబరు 26న, సిడ్నీ టెస్టు జనవరి మొదటి వారంలో మొదలవుతాయి. రెండూ సరిగ్గా ధనుర్మాసంలో పడతాయి. ఆట మొదలయ్యేసరికి మనకింకా తెల్లవారదు. భీమడోలులో మా వీధిలో ఆ చీకట్లో ప్రతి ఇంటికీ రెండు లైట్లు వెలిగేవి. ఒకటి వాకిట్లో. కళ్ళాపి చల్లి ముగ్గు వేస్తున్న ఆడమనిషి కోసం. రెండోది ముందుగదిలో. టీవీ ముందు దుప్పట్లు కప్పుకుని కూర్చున్న మగవాళ్ళ కోసం.

తెల్లవారుజామునే లేచి మ్యాచ్‌ చూసినందుకు ఆయనకు ‘వీరాభిమాని’ అని పేరు. ఆయనకంటే అరగంట ముందు లేచిన ఆమెకు మాత్రం ఏ పేరూ లేదు.

2003 డిసెంబరు 12న అడిలైడ్‌ టెస్టు మొదలైంది. ఆస్ట్రేలియా 556 చేసింది. మనవాళ్ళు 85కే నాలుగు వికెట్లు పోగొట్టుకున్నారు. అప్పుడు ద్రావిడ్‌, లక్ష్మణ్‌ కలిసి 303 పరుగులు జోడించారు. ఆ అయిదు రోజులూ మా ముందుగది నిండిపోయేది. నాన్న, బాబాయి, అన్నయ్య, పక్కింటి మావయ్య. నేను చాప చివర కూర్చునేదాన్ని. టీ గ్లాసులు అందించడానికి పిలిస్తే లేవాలి కదా, అందుకని చివర.

అమ్మ వంటింటి గుమ్మం దగ్గర నిలబడి చూసేది. చేతిలో ఎప్పుడూ ఏదో ఒకటి ఉండేది, గరిటో, చేటో. ‘ద్రావిడ్‌ ఉన్నాడా?’ అని అడిగితే ‘నీకెందుకే, ఉప్మా అయ్యిందా?’ అనేవారు నాన్న. 16న ద్రావిడ్‌ 72 పరుగులతో నాటౌట్‌గా నిలబడి మనల్ని గెలిపించాడు. అందరూ లేచి అరిచారు. అమ్మ లేవలేదు. ఎందుకంటే ఆ అయిదు రోజుల్లో ఆమె ఒక్కసారీ కూర్చోలేదు.

విదేశంలో జరిగే టెస్టు ఆ దేశపు గడియారం ప్రకారం నడుస్తుందని మనకు తెలుసు. ఆ గడియారాన్ని మన ఇంటి గడియారానికి కలిపేది ఎవరు? ఆస్ట్రేలియా అయితే చీకటితో టీలు. ఇంగ్లండ్‌ అయితే సాయంత్రం టిఫిను, రాత్రి పదకొండుకి భోజనాలు, ఆ తర్వాత అంట్లు. వెస్టిండీస్‌ అయితే అర్ధరాత్రి దాటాక ఎవరికో ఆకలి. అభిమానం గుండెల్లో పుడుతుందని అంటారు. గుండె ఒక్కటీ చాలదు, తీరిక కావాలి. ఆ తీరికను ఇంకొకరి శ్రమ తయారు చేసి ఇస్తోంది. క్రికెట్‌ అభిమానుల గురించి రాసేవాళ్ళంతా అభిమానిని టీవీ ముందే వెతుకుతారు, గుమ్మంలో వెతకరు.

‘టెస్టు చూడాలంటే ఓపిక కావాలి, ఆడవాళ్ళకి అరగంట సీరియల్‌ చాలు’ అని చదువుకున్న మగవాళ్ళు కూడా నవ్వుతూ అంటారు. 2021 జనవరి 11న సిడ్నీలో మన కాకినాడలో పుట్టిన హనుమ విహారి, తొడ కండరం పట్టేసినా 161 బంతులాడి 23 పరుగులతో నాటౌట్‌గా నిలిచి మ్యాచ్‌ను కాపాడాడు. ఆ ఓపికకు దేశమంతా చేతులెత్తి మొక్కింది. మొక్కవలసిందే. కానీ అదే ఓపిక ఆడవాళ్ళలో ఉంటే అది గుణం కాదు, డ్యూటీ. పైగా అది లేదని మన మీదే నింద!

ఇప్పుడు మైదానంలోకి వెళదాం. 2002 ఆగస్టులో మన పురుషుల జట్టు ఇంగ్లండ్‌లో ఉంది. నాటింగ్‌హామ్‌ టెస్టు 12న ముగిసింది, లీడ్స్‌ టెస్టు 22న మొదలైంది. ఆ మధ్య ఖాళీలో అదే దేశంలో, టాంటన్‌లో, మన మహిళల జట్టు టెస్టు ఆడింది. హైదరాబాదులో పెరిగిన పందొమ్మిదేళ్ళ మిథాలీ రాజ్‌ 214 పరుగులు చేసింది. అప్పటికి మహిళల టెస్టుల్లో అదే ప్రపంచ రికార్డు. లీడ్స్‌లో ద్రావిడ్‌, సచిన్‌, గంగూలీ కొట్టిన సెంచరీలు మా ఇంట్లో అందరికీ నోటికొచ్చు. మిథాలీ పేరు ఆ నెలలో మా ఇంట్లో ఒక్కసారీ వినపడలేదు.

‘చూసేవాళ్ళు లేరు కాబట్టి ఆడించరు’ అనేది పాత వాదన. ఆడిస్తే కదా చూసేది! 2006 ఆగస్టు, సెప్టెంబరుల్లో మిథాలీ కెప్టెన్సీలో మన అమ్మాయిలు ఇంగ్లండ్‌లో సిరీస్‌ గెలిచారు. ఆ తర్వాత మళ్ళీ టెస్టు ఆడింది 2014లో. గెలిచిన జట్టుకు దొరికిన బహుమతి ఎనిమిదేళ్ళ విరామం! మిథాలీ 2002 నుంచి 2021 దాకా ఆడిన టెస్టులు మొత్తం 12. అదే హైదరాబాదు నుంచి వచ్చిన లక్ష్మణ్‌ 134 ఆడాడు. లక్ష్మణ్‌ గొప్పతనాన్ని తక్కువ చేయడం లేదు. ఓ వందసార్లు విఫలమై మళ్ళీ లేచే అవకాశం ఒకరికి ఉంది, మరొకరికి లేదు అంటున్నాను. 2022 అక్టోబరులో క్రికెట్‌ బోర్డు స్త్రీ పురుషులకు సమాన మ్యాచ్‌ ఫీజు ప్రకటించింది. టెస్టుకి 15 లక్షలు. మంచిదే. కానీ మ్యాచే లేనప్పుడు మ్యాచ్‌ ఫీజు సమానమైతే ఏమిటి, కాకపోతే ఏమిటి? వంటింట్లోనూ మైదానంలోనూ మనకివ్వనిది ఒక్కటే: అయిదు రోజుల కాలం.

మనల్ని మనం కూడా ఒక మాట అడగాలి. సినిమా మీద రాశాం, సీరియళ్ళ మీద రాశాం, ప్రకటనల మీద రాశాం. క్రికెట్‌ దగ్గరికి వచ్చేసరికి ‘అదో పిచ్చి, మార్కెట్టు మాయ, జాతీయవాదపు జాతర’ అని మొహం తిప్పుకున్నాం. ఆ విమర్శలో నిజముంది. కానీ ఆ విమర్శతో పాటు, గుమ్మంలో నిలబడి స్కోరు అడిగిన అమ్మను కూడా పక్కకి నెట్టేశాం. ఆమెకు ఆట ఇష్టం. ఆ ఇష్టం తప్పుడు చైతన్యం అని తేల్చేసే హక్కు మనకెవరిచ్చారు?

2024 డిసెంబరు 28న మెల్‌బోర్న్‌లో విశాఖ కుర్రాడు నితీశ్‌కుమార్‌ రెడ్డి సెంచరీ కొట్టాడు. గ్యాలరీలో తండ్రి కన్నీళ్ళు పెట్టుకుంటే ప్రపంచమంతా చూసింది. కొడుకు కోసం ఉద్యోగం వదులుకున్న తండ్రి ఆయన. ఆ కన్నీళ్ళు నన్నూ కదిలించాయి. ఆ రోజు భీమడోలు హైవే పక్కన టీ కొట్టు దగ్గర ఒక్క సెల్‌ఫోన్‌ చుట్టూ పది తలలు. పక్కనుంచి కూలి పనికెళ్ళే ఆడవాళ్ళ ఆటో పోయింది. ‘మనోడు కొట్టాడే’ అని ఎవరో అరిస్తే ఆటోలోంచి ఒకామె తల బయటపెట్టి ‘ఎంత?’ అని అడిగింది. జవాబు వినే లోపే ఆటో దాటిపోయింది.

అమ్మకిప్పుడు తీరిక ఉంది, ఇంట్లో పెద్ద పని లేదు. అయినా మ్యాచ్‌ చూసేటప్పుడు కుర్చీ గుమ్మం దగ్గరే వేసుకుంటుంది. గదిలోకి రమ్మంటే ‘ఇక్కడ బాగానే ఉందిలే’ అంటుంది. ఇన్నేళ్ళ అలవాటు ఒక్క పిలుపుతో పోదు.

కాబట్టి నా డిమాండ్లు రెండే. మహిళల జట్టుకి విదేశాల్లో ఒంటరి టెస్టు కాదు, మూడో నాలుగో టెస్టులున్న పూర్తి సిరీస్‌ కావాలి. రెండోది, మన జట్టు మళ్ళీ ధనుర్మాసంలో ఆస్ట్రేలియా వెళ్ళినప్పుడు ముందుగదిలో వీరాభిమాని టీ తనే పెట్టుకోవాలి. ఒకటి ఎక్కువే పెట్టి గుమ్మం దాకా తెచ్చివ్వాలి. స్కోరెంతో కూడా చెప్పాలి.