పలక మీద పలికేది ఎవరు?



హాస్టళ్లలో ఉండి చదువుకొనే పిల్లలు కొందరు రాత్రివేళ కాగితము మీద అక్షరాలు రాసి, నాణెము మీద వేళ్లు ఉంచి, చనిపోయినవారి ఆత్మను పిలుస్తామని కూర్చుంటారు. దీనిని ప్లాంచెట్ అంటారు. ఇది ఉత్త ఆటేనా అని తల్లిదండ్రులు మమ్మల్ని అడుగుతుంటారు. కనుక ఈ నెల దీని సంగతి తెలుసుకొందాము.

దీని మూలము అమెరికాలో ఉంది. 1848లో న్యూయార్క్ రాష్ట్రములోని హైడ్స్‌విల్ పల్లెలో ఫాక్స్ అనే కుటుంబములోని ఆడపిల్లలు, తమ ఇంట్లో వినిపించే టకటక చప్పుళ్లు ఒక మృతుని జవాబులని చెప్పారు. ఆ మాట దేశమంతా పాకింది. తరువాత 1861 నుండి 1865 వరకు జరిగిన అంతర్యుద్ధములో ఆరు లక్షలకు పైగా సైనికులు చనిపోయారు. కొడుకు శవమునైనా చూడని తల్లులు ఎందరో! ఒక్క మాట వినిపిస్తే చాలునని వారు ఆశపడ్డారు. 1888లో ఆ అక్కచెల్లెళ్లలో ఒకరైన మార్గరెట్, ఆ చప్పుళ్లు కాలివేళ్ల కీళ్లతో చేసినవేనని సభలో ఒప్పుకొన్నది. మరుసటి ఏడు ఆ మాట వెనక్కి తీసుకొన్నది. జనము మాత్రము మానలేదు. 1890లో బాల్టిమోర్ వ్యాపారులు ఓయిజా బోర్డును తయారుచేశారు. 1891 ఫిబ్రవరి 10న ఎలైజా బాండ్ పేర పేటెంటు వచ్చింది. ఆ విధముగా దుఃఖము అంగడి సరుకైపోయింది.

ఆ పలక మీద ఎడమవైపు పైన సూర్యుడు, పక్కన 'అవును'. కుడివైపు చంద్రుడు, పక్కన 'కాదు'. మధ్యలో రెండు వంపు వరుసల్లో అక్షరాలు, వాటి కింద అంకెలు, అడుగున 'సెలవు' అనే మాట. మూడు కాళ్లున్న చిన్న చెక్క మీద అందరూ వేళ్లు ఉంచితే, అది అక్షరము నుండి అక్షరానికి జరుగుతుంది. చివర 'సెలవు' దగ్గరకు పోకుండా ఆట ఆపితే ఆత్మ వెళ్లదని ఆడేవారు భయపడతారు.

మరి ఆ చెక్కను కదిపేది ఎవరు? పలక పుట్టకముందే దీనికి జవాబు దొరికింది. ఇంగ్లండులో జనము బల్ల చుట్టూ కూర్చుని చేతులు ఆనిస్తే బల్ల తిరిగేది. 1853లో మైకేల్ ఫారడే అనే గొప్ప శాస్త్రవేత్త దానిని పరీక్షించాడు. ఆయన తన సంఘములో పెద్దగా కూడా సేవచేసిన విశ్వాసి. చేతులకు, బల్లకు మధ్య మెత్తని జిగురుతో అంటించిన అట్టలు పెట్టి చూస్తే, ముందు కదిలింది చేతులేనని తేలింది. కూర్చున్నవారు మోసగాళ్లు కారు. తాము తోస్తున్నట్లు వారికే తెలియదు. ఓయిజా బోర్డు సంగతీ అంతే. కళ్లకు గంతలు కట్టి పలకను తిప్పి పెడితే, మాటలకు బదులు అర్థములేని అక్షరాలే వస్తాయి.

"అయితే దురాత్మలు లేవా అయ్యగారూ?" అని మీరు అడగవచ్చు. ఉన్నవని వాక్యము చెప్పుచున్నది. అందుకే మృతులను విచారించుట ద్వితీయోపదేశకాండము 18వ అధ్యాయములో నిషేధింపబడింది. చెక్కను కదిపింది మన వేలైనా, మరొకటైనా, అక్కడ మనము వెదికేది దేవుని కాదు. సౌలును చూడండి. కర్ణపిశాచము గలవారిని దేశములో లేకుండా చేసిన రాజే, భయము పట్టుకొనగా మారువేషము వేసుకొని రాత్రివేళ ఏన్దోరుకు వెళ్లాడు. అతనికి దొరికింది ఆదరణ కాదు. నేల మీద సాగిలబడి, తినడానికైనా ఓపిక లేకపోయాడు.

మన పల్లెల్లోనూ చనిపోయినవారి మాట కోసము సోదె అడిగేవారున్నారు. వారిని ఎగతాళి చేయవద్దు. ఆదరణ కూడిక ముగిసి బంధువులు వెళ్లిపోయిన తరువాత ఆ ఇల్లు ఎంత నిశ్శబ్దముగా ఉంటుందో ఆలోచించండి. మన సంఘము ఆ ఇంటికి మళ్లీ ఎప్పుడు వెళ్లింది? లాజరు చనిపోయినప్పుడు ప్రభువు బేతనియకు వెళ్లాడు, ఏడ్చాడు. మనమూ వెళ్లి కూర్చుందాము. పోయినవారి పేరెత్తి మాట్లాడనిద్దాము. బిడ్డ ఆ ఆట ఆడినట్లు తెలిస్తే కొట్టకండి. "ఎవరితో మాట్లాడాలనుకొన్నావు నాన్నా?" అని అడగండి. ఆ జవాబు మీరు వినవలసినది.

ప్రభువు మీ గృహములను ఆదరించును గాక.