చేతికి అందని చదువు

మన భాషలో ‘పదార్థము’ అన్న మాట ఒకటి ఉన్నది. పదము, అర్థము అనే రెండు మాటల కలయిక అది. నోట పలికే పదానికి లోకంలో గురి అయిన వస్తువే పదార్థం. రసాయనశాస్త్ర గ్రంథం తెరచిన విద్యార్థి ప్రతి పుటలోనూ ఈ మాటను చదువుతాడు. కాని అతనికి దక్కేది చాలావరకు పదమే. అర్థం బీరువాలో తాళం వెనుక ఉండిపోతున్నది. ‘అవక్షేపము’ అని పదిసార్లు వ్రాసి, పరీక్షలో మార్కులు సంపాదించి, పరీక్షనాళిక అడుగుకు దిగే తెల్లని మడ్డిని ఒక్కసారి కూడా కంట చూడకుండా కళాశాలలో అడుగుపెట్టే విద్యార్థులు ఏటేటా కనిపిస్తూనే ఉన్నారు. చదవేస్తే ఉన్న మతి పోయిందన్న సామెత ఇటువంటి చదువును చూసియే పుట్టి ఉండాలి.

ఉర్దూలో ‘ఇల్మ్’, ‘అమల్’ అన్న మాటలను జంటగా పలకడం పరిపాటి. మొదటిది తెలియడం, రెండవది ఆచరించడం. ఒకే శ్వాసలో పలికే ఈ జంటను బడి విడదీసినది. పాఠశాల బాలబాలికలకు కళలలోనూ, విజ్ఞానశాస్త్రంలోనూ స్వయంగా చేసి నేర్చుకొనే అదనపు తరగతులు ఉండవలెననీ, వాటికి మన కళాశాల తలుపులు తెరవవలెననీ ఈ వ్యాసంలో నా మనవి.

ఇది కొత్త ఆలోచన కాదు. 1937లో వార్ధాలో గాంధీజీ అధ్యక్షతన జరిగిన విద్యా సదస్సు, చేతిపని కేంద్రంగా ఏడేండ్ల విద్యను మాతృభాషలో నేర్పాలని తలచి, పాఠ్యప్రణాళిక రచనకు ఒక సంఘాన్ని నియమించింది. దానికి అధ్యక్షుడు 1897లో హైదరాబాదులో జన్మించిన డాక్టర్ జాకీర్ హుసేన్. ఆ సంఘం తన నివేదికలో ఒక హెచ్చరిక కూడ చేసింది. చేతిపని వల్ల వచ్చే రాబడి మీదనే దృష్టి నిలిస్తే విద్యాలక్ష్యం వెనుకబడే ప్రమాదమున్నదని దాని సారాంశం. ఈ హెచ్చరికను మనం మరువరాదు. దీని అవసరం ముందు కలుగుతుంది.

స్వతంత్ర భారతంలో ఇట్టి ప్రయత్నాలలో గణనీయమైనది మధ్యప్రదేశ్‌లోని నాటి హోషంగాబాదు జిల్లాలో జరిగింది. 1972లో 16 పల్లె బడులలో ఆరంభమై, 1978 నాటికి ఆ జిల్లా మాధ్యమిక పాఠశాలలన్నింటికీ వ్యాపించింది. పిల్లలు నలుగురేసి కూర్చుని చవకైన సామగ్రితో ప్రయోగం చేసేవారు, చూసినదానిని వ్రాసుకొనేవారు, ఎందుకిలా జరిగిందని తర్కించేవారు. పరీక్షలో పుస్తకం తెరచి చూసుకొనే వీలుండేది. ప్రయోగ పరీక్ష వేరుగా ఉండేది. సవాలీరామ్ అనే కల్పిత వ్యక్తికి పిల్లలు తమ సందేహాలను ఉత్తరాలుగా వ్రాస్తే జవాబులు వచ్చేవి. ముప్పది సంవత్సరాలు నడచిన ఆ కార్యక్రమాన్ని 2002లో రాష్ట్ర ప్రభుత్వం నిలిపివేసింది. పిల్లల చేతికి వచ్చిన అలవాటును ఏ ఉత్తర్వూ రద్దు చేయలేదు. కాని పైనుండి వచ్చిన ఒక్క ఉత్తర్వుతో ఆగిపోయే పనికి, ఊరూరా చిన్న చిన్న ఆధారాలు కూడ అవసరమని ఆ అనుభవం చెప్పక చెబుతున్నది.

మన తెలుగు నేలపై కుప్పంలో, 1999లో నెలకొన్న అగస్త్య సంస్థ ఈ మార్గంలో పనిచేస్తున్నది. ప్రయోగ పరికరాలను వాహనాలలో పల్లె బడులకు తీసుకొని వెళ్లడం దాని పద్ధతులలో ఒకటి. 2016 నుండి కేంద్ర ప్రభుత్వం అటల్ టింకరింగ్ ల్యాబుల కోసం ఎంపికైన బడికి 20 లక్షల రూపాయల వరకు ఇస్తున్నది. 2020 నాటి జాతీయ విద్యావిధానం 6, 7, 8 తరగతుల వారికి పుస్తకాల సంచి లేని పది దినాలు ఉండవలెననీ, ఆ దినాలలో వడ్రంగి, కుమ్మరి, తోటమాలి, చిత్రకారుడు వంటి స్థానిక నిపుణుల వద్ద వారు పని నేర్వవలెననీ సూచించింది. కాగితం మీద మార్గం సుగమమే. కాని మన వీధిలోని చిన్న బడికి ప్రయోగశాల లేదు. వేసవిలో నగరాలలో వెలిసే శిబిరాల రుసుము ఆ బడి పిల్లల తండ్రులు చెల్లించలేరు. ఈ ఎడమను పూరించగలది సమీపంలోని కళాశాల మాత్రమే.

కళ వేరు, శాస్త్రం వేరు అన్న భ్రమ ఈ తరగతులలో మొదట తొలగవలెను. బీదరులో పుట్టి హైదరాబాదులోనూ వేళ్లూనిన బిద్రీ పనిని చూడండి. తుత్తునాగం, అనగా జింకు, అధికంగానూ రాగి కొద్దిగానూ కలిపిన మిశ్రలోహాన్ని మూసలో పోస్తారు. పాత్రను ఆకురాయితో నునుపు చేసి మైలుతుత్తం నీటితో తుడిస్తే లోహం నల్లబారుతుంది. ఆ నలుపు మీద ఉలితో గీసిన గీత తెల్లగా కనబడుతుంది. చెక్కిన గాడిలో వెండిని ఒదిగించి సుత్తితో కొట్టి, మరల నునుపు చేస్తారు. చివరకు బీదరు కోటలోని పాతమట్టిని నవాసాగరంతో కలిపి పాత్రకు పట్టిస్తే మిశ్రలోహం స్థిరంగా నల్లబడి, వెండి మాత్రం తెల్లగా నిలుస్తుంది.

ఇందులో రెండవ మెట్టున జరిగినదేమి? జింకును కాపర్ సల్ఫేటు ద్రావణంలో ఉంచినప్పుడు రాగి వెలికివచ్చి జింకు మీద పేరుకొనడాన్ని బడి పుస్తకాలు ‘స్థానభ్రంశ చర్య’ అంటున్నవి. బిద్రీ పనివాని కుమారుడు ఉదయం ఈ మాటను బట్టీ వేస్తాడు. సాయంత్రం తండ్రి పక్కన కూర్చుని అదే చర్యను కళ్లారా చూస్తాడు. రెండూ ఒకటేనని అతనికి చెప్పినవారు లేరు. ఉపాధ్యాయుడు చెప్పేది చదువు, తండ్రి చేసేది పని అని అతడు నమ్ముతాడు. క్రమంగా తండ్రి వృత్తిని చెప్పుకొనడానికి సిగ్గుపడతాడు. ఒక పాఠం అర్థం కాకపోవడం కంటె ఇది పెద్ద నష్టం. వెండి ఎందుకు నల్లబడలేదన్న ప్రశ్నను ఆ బాలుని చేత తరగతిలో అడిగించగలిగితే ఆ సిగ్గు తొలగుతుంది.

ఇక్కడనే జాకీర్ హుసేన్ సంఘం చేసిన హెచ్చరిక జ్ఞప్తికి రావలెను. పేదవాని బిడ్డకు చేతిపని, ధనికుని బిడ్డకు శాస్త్రం అని పంచిపెట్టడానికి ఈ తరగతులు సాధనం కారాదు. మనం బాలునికి నేర్పదలచినది వృత్తి కాదు, విచారణ. వైద్యుడు కాగోరే బాలిక ఉలి పట్టవలెను. ఉలి పట్టే ఇంటి బాలుడు సూక్ష్మదర్శినిలో ఉల్లిపొరను చూడవలెను.

కమిటీ పెద్దల పరిశీలనకు ఒక చిన్న ప్రణాళికను సమర్పిస్తున్నాను. ఎనిమిది ఆదివారాలు, ఉదయం రెండేసి గంటలు. సమీపంలోని బడుల నుండి 6, 7, 8 తరగతులవారు 24 మంది. అందులో సగం మంది బాలికలు. నలుగురికొక బృందం, బృందానికి మన డిగ్రీ విద్యార్థి ఒకరు సహాయకులు. రుసుము లేదు, బహుమతులు లేవు.

మొదటి రెండు వారాలు వెలుగు, చిత్రలేఖనం. అట్టపెట్టెకు ఒకవైపు సూది బెజ్జం, ఎదురువైపు నూనె రాసిన కాగితం ఉంటే చాలు. ప్రాంగణంలోని చెట్టు తలక్రిందులుగా కాగితం మీద పడుతుంది. దానిని పెన్సిలుతో గీస్తే దూరపు వస్తువులు చిన్నవిగా కనబడే చిత్రకారుని రహస్యం చేతికి వస్తుంది. పదకొండవ శతాబ్దిలో ఇబ్న్ అల్ హైసమ్ చీకటిగది రంధ్రానికి ఎదురుగా దీపాలను వరుసగా ఉంచి పరీక్షించాడు. ఒక దీపాన్ని కప్పితే దాని వెలుగు మాత్రమే గోడ మీద మాయమైనది; తక్కినవి చెదరలేదు. ఆ పరీక్షను మన పిల్లలు కొవ్వొత్తులతో తిరిగి చేయగలరు.

తరువాతి రెండు వారాలు రంగులు. పసుపుకు సున్నం తగిలితే ఎర్రబడుతుందని పారాణి కలిపే ప్రతి తల్లికి తెలుసు. మందారపు రసం నిమ్మరసంలో ఎర్రనై, సున్నపుతేటలో పచ్చబారుతుంది. ఈ రంగులతోనే పిల్లలు బొమ్మలు వేయవలెను. ఆమ్లం, క్షారం అన్న మాటలు బొమ్మ పూర్తి అయిన పిదపనే చెప్పవలెను. అయిదు, ఆరు వారాలు బిద్రీ కళాకారునివి. ఆయనను వినోదానికి కాక, గురుస్థానంలో పిలిచి తగిన పారితోషికం ఇవ్వవలెను. మైలుతుత్తం విషం గనుక దానిని రసాయనశాస్త్ర అధ్యాపకుల చేతి మీదుగానే వాడవలెను. మిగిలిన రెండు వారాలు పిల్లల సొంత ప్రశ్నలకు. ప్రతి బాలుడు, ప్రతి బాలిక తాము చూసినదానిని తెలుగులోనో ఉర్దూలోనో నోటు పుస్తకంలో వ్రాయవలెను. ఒకే వస్తువుకు రెండు భాషల పదాలు పక్కపక్కన చేరిన ఆ పుస్తకం భాషా బోధకులమైన మాకు కూడ పాఠ్యగ్రంథం కాగలదు.

ఆక్షేపణలు లేకపోలేదు. కోటి విద్యలు కూటి కొరకే, మార్కులు లేనిదే కూడు లేదు అంటారు తండ్రులు. ఎనిమిది ఆదివారాల పదహారు గంటలు మార్కులను తగ్గించవు. చూసిన దానిని జ్ఞాపకముంచుకొనడం చదివిన దానికంటె తేలిక. గాజుసామాను పగులుతుందన్న భయం వేరొకటి. పగలడానికి కొంత సొమ్ము లెక్కలో ముందే వ్రాసుకొనడం మంచిది. ఏండ్ల తరబడి బీరువాలో దుమ్ము పట్టిన పరికరం కూడ నష్టమే. అది లెక్కలకు ఎక్కడం లేదు, అంతే తేడా. ఇక ప్రదర్శన మోజు. అంగడిలో కొన్న నమూనాలను బల్ల మీద పెట్టి, బాలుని చేత కంఠపాఠం అప్పజెప్పించి, ఛాయాచిత్రం తీయించుకొనే విజ్ఞాన ప్రదర్శనలతో మనకు తృప్తి కలుగుతున్నది. అటువంటిదే మరొకటి చేయదలచినట్లయితే ఈ ప్రణాళికను చేపట్టకపోవడమే మేలు.

విద్యార్థి మిత్రులారా, ఈ పనిలో అసలు లాభం మీదే. బాలునికి వివరించబోయినప్పుడే మనకు తెలిసినదెంతో తేటపడుతుంది. ఆరుగురు ముందుకు వస్తే చాలును. కమిటీ పెద్దలను కోరేది భవనాన్ని కాదు, భారీ నిధిని కాదు. వచ్చే విద్యాసంవత్సరం మొదలు ఎనిమిది ఆదివారాలు ప్రయోగశాల తాళంచెవిని ఇప్పించవలసినదిగా కోరుతున్నాను.