రన్‌వే చివర ఏమున్నది?

నైరుతి రుతుపవనాలు తీరాన్ని తాకిన నాటి నుండి మన రైల్వే సోదరులకు కంటిమీద కునుకు ఉండదు. కుండపోత వానలో, అర్ధరాత్రి వేళ, చేతి దీపం పట్టుకొని పెట్రోల్‌మన్ కట్ట వెంబడి నడచిపోతాడు. తపాలా సంచి తడవకుండా గమ్యం చేర్చడానికి ఆర్.ఎం.ఎస్. సోదరుడు తాను తడుస్తాడు. అదే వానలో ఆకాశం నుండి నేలకు దిగే విమానం సంగతి మనకెందుకని ఎవరైనా అడుగవచ్చును. 1949లో నాగపూర్ కేంద్రంగా రాత్రి విమాన తపాలా ఆరంభమైన నాటి నుండి మన చేతులు ముడివేసిన సంచులు విమానాలలో పోతూనే ఉన్నవి. బతుకుతెరువుకై గల్ఫ్ దేశాలకు పోయే మన పల్లెల కూలీలు ఎక్కేదీ ఆ విమానమే. ఇంతకు మించిన సంబంధం మరొకటి ఉన్నది: ప్రమాదం జరిగిన మరునాడు నింద ఎవరి నెత్తిన పడుతుందన్న ప్రశ్న.

2020 ఆగస్టు 7వ తేదీ రాత్రి దుబాయి నుండి 190 మందితో వచ్చిన ఎయిరిండియా ఎక్స్‌ప్రెస్ విమానం కోళిక్కోడ్‌లో జోరువానలో దిగింది. కరోనా కాలంలో స్వదేశానికి తిరిగివస్తున్న ప్రవాసులు అందులో ఉన్నారు. మొదటి యత్నంలో దిగలేక విమానం మళ్లీ పైకి లేచింది. అప్పటికే కెప్టెన్ వైపు అద్దం మీది వైపర్ పని మానివేసింది. రెండవసారి, వెనుక నుండి గాలి తరుముతుండగా, ఎదుటి దిశ నుండి దిగినది. రన్‌వే పొడవు 2,700 మీటర్లు. చక్రాలు నేలను తాకినది సుమారు 1,350 మీటర్ల వద్ద, అనగా సగం రన్‌వే వెనుకబడిన తరువాత. కొండను చదును చేసి కట్టిన ఆ రన్‌వే చివరను, దాని తరువాతి 240 మీటర్ల భద్రతా స్థలాన్ని కూడ దాటి, విమానం లోయలోకి జారి ముక్కలైనది. పైలట్లు ఇద్దరితో సహా 21 మంది మరణించారు. వానను, కరోనా భయాన్ని లెక్కచేయక చుట్టుపట్ల జనం పరుగెత్తివచ్చి క్షతగాత్రులను చేతులమీద మోసి ఆస్పత్రులకు చేర్చారు. వారికి మా జోహారులు.

తడి నేలపై విమానం ఎందుకు ఆగదు? చక్రానికి, నేలకు నడుమ నీరు చేరి తప్పుకొనే వ్యవధి లేకపోతే చక్రం నీటిపై తేలిపోతుంది. చక్రంలోని గాలి ఒత్తిడిని బట్టి ఇది ఏ వేగం వద్ద మొదలగునో లెక్క కట్టవచ్చును. ఒత్తిడి చదరపు అంగుళానికి 200 పౌన్లు ఉంటే ఆ వేగం గంటకు దాదాపు 235 కిలోమీటర్లు. పెద్ద విమానాలు నేలను తాకే వేగం ఇంచుమించు అంతే, లేదా అంతకు మించి. అప్పుడు బ్రేకు నొక్కినా ఫలితం స్వల్పం. తడి పట్టాలపై ఇంజను చక్రాలు జారినప్పుడు ఇసుక వదలి పట్టు తెచ్చుకొనే మన డ్రైవరు సోదరులకు దీనిని విడమరచి చెప్పనక్కరలేదు.

అయితే ఈ నీటిని జయించే ఉపాయాలు ఇంజనీర్లకు తెలియనివి కావు. రన్‌వేను నడిమిన కొంచెం ఎత్తుగా ఉంచి ఇరుప్రక్కలకు వాలు ఇస్తారు. అడ్డంగా సన్నని గాడులు కోసి నీటికి దారి చేస్తారు. చక్రాల రాపిడికి అంటుకొన్న రబ్బరు పూతను ఎప్పటికప్పుడు గీకివేస్తారు. నీటి మందం 3 మిల్లీమీటర్లు దాటితే అది కేవలం తడి కాదు, నిలిచిన నీరని పైలటుకు తెలుపవలెను. 2021 నవంబరు నుండి ప్రపంచమంతటా ఈ నివేదికలు ఒకే పద్ధతిలో, రన్‌వేను మూడు భాగాలుగా చూచి ఇవ్వవలసి ఉన్నది. ప్రయాణానికి ముందు వేసే లెక్కలో కూడ పొడి రన్‌వేకు కావలసిన పొడవుకు తడి వేళ మరి 15 శాతం చేర్చవలెను. ఈ పనులన్నీ మనుషులు చేసేవే. వాలు చూచేవాడు, గాడి కోసేవాడు, రబ్బరు గీకేవాడు, వానలో నిలిచి నీటి లోతు కొలిచేవాడు కార్మికుడే. ఆ పనికి మనుషులను తగ్గిస్తే, మిగులు చూపిన కాగితం మీద ఆ రన్‌వే నునుపుదేలినట్లు కనిపించదు.

2021 సెప్టెంబరులో బయటకు వచ్చిన విచారణ నివేదిక ప్రధాన కారణంగా పైలటు తప్పిదాన్నే చూపింది. దిగరాని తీరులో దిగినాడని, సహ పైలటు మళ్లీ పైకి లేపమని హెచ్చరించినా వినలేదని చెప్పింది. దీనిని మేము కాదనుట లేదు. కాని అదే నివేదికలో మరొక వాక్యం ఉన్నది. మరునాటి ఉదయం అదే కెప్టెన్ కోళిక్కోడ్ నుండి మరో విమానం నడపవలసి ఉన్నది. కోళిక్కోడ్ స్థావరంలో నియమితులైన సహ పైలట్లు 26 మంది కాగా, కెప్టెన్ ఒక్కరే! ఎట్లైనా అక్కడే దిగవలెనన్న ఆతురతకు సంస్థ యొక్క సిబ్బంది విధానమే దారితీసిందని విచారణాధికారులే వ్రాసినారు. పత్రికల శీర్షికలకు ఎక్కినది మొదటి వాక్యం. రెండవది లోపలి పేజీలలోనే మిగిలిపోయింది.

అంతకు పదేళ్ల ముందటి మంగళూరును కూడ మరువరాదు. 2010 మే 22న 158 మంది ప్రాణాలు కోల్పోయిన ఆ ప్రమాదం తడి రన్‌వేపై జరిగినది కాదు. కాని అక్కడ కూడ కొండపై రన్‌వే, ఆలస్యంగా నేల తాకుట, ‘పైకి లేపండి’ అని సహ పైలటు మొత్తుకొనుట, పైవాడు వినకపోవుట! రెండు చోట్లా క్రిందివాడు సరిగానే చెప్పాడు. క్రిందివాని మాట చెల్లని వ్యవస్థలో ప్రమాద హెచ్చరిక గాలిలో కలసిపోతుంది. ఏ కార్యాలయంలో పనిచేసేవానికైనా ఇది తెలిసిన సంగతే.

రైల్వేలో ఎర్ర సిగ్నల్ దాటితే డ్రైవరుది తప్పే. అయినా మన పూర్వ ఇంజనీర్లు, ‘డ్రైవరు తప్పు చేయడు’ అనుకొని పట్టాలు వేయలేదు. బహుళ సూచికల సిగ్నళ్లలో స్టాప్ సిగ్నల్‌కు ఆవల 120 మీటర్లు, రెండు సూచికల పాత పద్ధతిలో 180 మీటర్లు ఓవర్‌ల్యాప్‌గా ఖాళీ ఉంచారు. ఘాట్ సెక్షన్లలో అదుపు తప్పిన బండిని ఆపుటకు క్యాచ్ సైడింగులు నిర్మించారు. మనిషి పొరపడుతాడు, ఆ పొరపాటుకు మరణశిక్ష ఉండరాదు అన్నదే ఆ ఖాళీ స్థలం యొక్క అర్థం.

విమానాలకూ ఇటువంటి ఏర్పాటు ఉన్నది. రన్‌వే చివర తేలికపాటి కాంక్రీటు దిమ్మలను పరచితే చక్రాలు వాటిని నలుపుతూ దిగబడి విమానం ఆగుతుంది. అమెరికాలో నూటికి పైగా రన్‌వే కొనలలో ఈ ఏర్పాటు ఉన్నది. సాధారణంగా గంటకు 130 కిలోమీటర్ల వేగంతో రన్‌వే దాటే విమానాన్ని ఆపేటట్లు దానిని రూపొందిస్తారు. కోళిక్కోడ్ విమానం అంతకంటె ఎక్కువ వేగంతోనే రన్‌వే దాటినది. కనుక ఆ పడక ఉంటే అది నిశ్చయంగా ఆగియుండేదని మేము అనము. కాని లోయలోకి పోయే వేగానికి, నెమ్మదించిన వేగానికి మధ్య ఉన్న తేడాలో ఎందరి ప్రాణాలున్నవో లెక్క వేయవలసిన బాధ్యత పాలకులది.

అందుచేత మేము కోరునది ఇది. కొండలపై ఉన్న ప్రతి రన్‌వే కొననూ ఈ దృష్టితో మళ్లీ పరీక్షించవలెను. వానాకాలంలో ఘర్షణ, రబ్బరు పరీక్షల ఫలితాలను అక్కడ పనిచేసే సిబ్బందికి, పైలట్లకు తెలియజేయవలెను. దిగకుండా పైకి లేచిన పైలటుకు ఏ సంజాయిషీ, ఏ నష్టం ఉండరాదు. ప్రతి స్థావరంలో తగినంత మంది కెప్టెన్లు ఉండవలెను. విచారణలలో ఉద్యోగుల ప్రతినిధులకు చోటుండవలెను.

సోదరులారా! విచారణ నివేదిక వచ్చినప్పుడు తప్పు చేసినవాని పేరు దగ్గరే చదువుట ఆపివేయకండి. ఖాళీగా ఉన్న పోస్టుల లెక్క వరకు, రన్‌వే చివర ఏమున్నదో చెప్పే పేజీ వరకు చదవండి. రేపు మన లెవెల్ క్రాసింగు వద్ద, మన సార్టింగు ఆఫీసులో ఏదైనా జరిగినప్పుడు అడుగవలసిన ప్రశ్న కూడ అదే.