సబర్ అంటే నోరు మూసుకోవడం కాదు



మన ఖౌమ్ మీద టీవీలోనో పేపర్లోనో ఏదైనా తోహమత్ పడగానే మన బుజుర్గుల నోట ఒకటే మాట: "సబర్ చెయ్యండి బేటా, నాలుగు రోజులు పోతే వాళ్లే మర్చిపోతారు." మా నెల్లిమర్లలో ఇదే, విజయనగరంలోనూ ఇదే. నాకు ఈ మాటంటేనే గుస్సా. ఇల్జామ్‌ను ఎవరూ మర్చిపోరు. తర్వాత వచ్చే సంజాయిషీనే ఎవరికీ గుర్తుండదు.

మన పిల్లలు సలాహ్ పేరున్న ఎర్ర జెర్సీలు వేసుకు తిరుగుతున్నారు కదా, ఆ లివర్‌పూల్ క్లబ్బు సంగతే చెప్తాను.

1989 ఏప్రిల్ 15న షెఫీల్డ్‌లోని హిల్స్‌బరో స్టేడియంలో గుంపును పోలీసులు సంభాళించలేక, లివర్‌పూల్ అభిమానులు కంచెల దగ్గర నలిగిపోయారు. మొత్తం 97 మంది పోయారు. వాళ్లలో చివరి మనిషి ఆ గాయాల వల్లే 2021లో పోయాడు. నాలుగో రోజున 'ది సన్' పత్రిక మొదటి పేజీలో 'నిజం' అని హెడ్డింగు పెట్టి, అభిమానులు శవాల జేబులు కొట్టారని, పోలీసుల మీద మూత్రం పోశారని రాసింది. అంతా ఝూట్.

మరి లోకం ఎందుకు నమ్మింది? అంతకు నాలుగేళ్ల ముందు బ్రస్సెల్స్‌లో లివర్‌పూల్ అభిమానుల దాడి వల్ల 39 మంది చనిపోయారు. అది నిజం, శిక్షలూ పడ్డాయి. ఒకసారి మచ్చ పడ్డాక తర్వాత ఏ అబద్ధమైనా అతుక్కుంటుంది. ఇది మనకు తెలియని సంగతా?

ఆ ఊరి జనం సబర్ చేశారు, కానీ చేతులు కట్టుకుని కాదు. ఆ పత్రిక కొనడం మానేశారు, అక్కడ చాలామంది ఇప్పటికీ కొనరు. బిడ్డల్ని పోగొట్టుకున్న అమ్మీలు, అబ్బాలు ఏళ్ల తరబడి తిరిగారు. 2012లో స్వతంత్ర ప్యానెల్ 164 పోలీసు వాంగ్మూలాలు దిద్దారని, వాటిలో 116 నుంచి పోలీసులకు ఇబ్బందైన మాటలు తీసేశారని బయటపెట్టింది. 2016లో జ్యూరీ అభిమానుల తప్పేమీ లేదంది. క్లబ్బు మాత్రం, సచ్ చెప్పాలంటే, బాగా ఆలస్యం చేసింది. ఆ పత్రిక విలేకరులకు తలుపులు మూసింది 2017లో గాని కాదు. అవామ్ ముందు నడిస్తే కమిటీ వెనక వచ్చింది. (మన కమిటీలు వెనకైనా రావు, అది వేరే కథ.)

అయినా నేర్చుకున్నారు. 2022 మే 28న పారిస్ ఫైనల్‌లో గేట్ల దగ్గర టియర్ గ్యాస్ తిన్నదీ వీళ్లే, నకిలీ టికెట్లని ఫ్రాన్స్ మంత్రి చేత మాట పడ్డదీ వీళ్లే. ఈసారి క్లబ్బు ఆ రాత్రే విచారణ అడిగింది. అభిమానుల నుంచి గవాహీలు రాతలో పోగుచేసింది. ఛైర్మన్ ఆ దేశపు క్రీడల మంత్రికి ఉత్తరం రాసి మాఫీ చెప్పమన్నాడు. స్టేడియం కెమెరాల వీడియోలు ఏడు రోజులకే చెరిగిపోయాయి. గవాహీలు మిగిలాయి. 2023 ఫిబ్రవరిలో, యూఈఎఫ్ఏ తానే వేయించిన విచారణ ప్రధాన జిమ్మేదారీ యూఈఎఫ్ఏదేనని తేల్చింది.

ఇక మన సంగతి. 2020 మార్చిలో తబ్లీగీ జమాత్ మీద చానెళ్లు రాత్రింబవళ్లు అరిచాయి. ఆగస్టు 21న బాంబే హైకోర్టు ఔరంగాబాద్ బెంచ్ 29 మంది విదేశీయుల మీద కేసులు కొట్టేస్తూ, వాళ్లను బలిపశువులుగా ఎంచుకున్నట్టుందని, మీడియాలో పెద్ద ప్రచారం జరిగిందని రాసింది. ఆ ఫైస్లా మన వీధిలో ఎంతమందికి తెలుసు? ఏ చానెల్ ఏ తేదీన ఏమందో రాసిపెట్టిన రిజిస్టరు ఏ మస్జిద్‌లో ఉంది? చందా రసీదు పుస్తకాలైతే బీరువా నిండా ఉంటాయి.

"అల్లాహ్ చూసుకుంటాడు" అంటారు. బేషక్. గవాహీ దాచొద్దన్నది కూడా ఆయన హుకుమే, సూరా బఖరాలో ఉంది.

టీవీ వార్తయితే ప్రసారమైన ఏడు రోజుల్లోపు చానెల్‌కే రాతలో ఫిర్యాదు పంపాలి. జవాబు సరిగా లేకపోతే, సభ్యత్వమున్న చానెల్ మీద న్యూస్ బ్రాడ్‌కాస్టింగ్ అండ్ డిజిటల్ స్టాండర్డ్స్ అథారిటీకి వెళ్లొచ్చు. పేపరైతే ముందు ఎడిటర్‌కు, ఆపైన ప్రెస్ కౌన్సిల్‌కు. దినపత్రికకు గడువు రెండు నెలలు. దీనికి పెద్ద వకీలు అక్కర్లేదు, డిగ్రీ చదివి ఇంట్లో కూర్చున్న మన బేటీలు చాలు. మనవాడు తప్పు చేస్తే అదీ ఆ రిజిస్టర్లో ఎక్కాలి. లేకపోతే మన గవాహీని ఎవరు నమ్ముతారు?

వచ్చే జుమ్మా నమాజ్ అయ్యాక కమిటీ ఎలాగూ కూర్చుంటుంది. ఫ్యాన్ల రిపేరు సంగతి తేలాకైనా ఈ రిజిస్టరు మాట ఎవరో ఒకరు ఎత్తండి.