ధర్మవైద్యపు జమాఖర్చు

చదువరులారా, రోగుల సహాయార్థమని చందాపుస్తకము మీ యింటికి వచ్చినప్పుడు చేతనైనంత యిచ్చుచున్నారు. ఆ సొమ్ము సంవత్సరాంతమున నే పద్దులోనికి చేరినదని యడుగువారు మాత్రమరుదు. అడుగుట అమర్యాదయని మనలో ననేకుల తలంపు. అది సరికాదనుటకు మన పొరుగుననున్న సింగపూరులో జరిగిన సంగతి చాలును.

అచ్చటి జాతీయ మూత్రపిండ సంస్థ 1969లో స్థాపింపబడెను. మూత్రపిండములు చెడినవారికి యంత్రము మూలమున రక్తమును శుద్ధిచేయు చికిత్స సాధారణముగా వారమునకు మూడుమారులు, ఒక్కొక్కమారు సుమారు నాలుగు గంటలు జరుగవలెను. మానినచో ప్రాణాపాయము. కావున నిట్టి సంస్థ కొంత సొమ్ము నిల్వయుంచుట తప్పుగాదు. చందాలు తగ్గిన యేట రోగులను వెనుకకు పంపరాదు గదా! రైతు విత్తనపు వడ్లను వేరుగా నుంచుట వంటిదే యిది.

అయితే నిల్వ యెంత? తన్నుగూర్చి వ్రాసిన వార్తాపత్రికపై సంస్థ ముఖ్యాధికారి తెచ్చిన వ్యాజ్యము 2005 జూలైలో విచారణకు వచ్చినప్పుడు లెక్కలు బయటపడెను. నిల్వ సుమారు 26 కోట్ల 20 లక్షల సింగపూరు డాలర్లు. అది మూడేండ్లకే చాలునని ప్రజలకు చెప్పుచుండిరి. నాటి వ్యయము చొప్పున సుమారు 30 ఏండ్లకు చాలునని తేలెను. రోగుల సంఖ్యయు పెంచి చెప్పబడినది. అధికారికి 2004లో ముట్టినది సుమారు 6 లక్షల డాలర్లు. ఆయన స్నానపుగదికై తెచ్చిన బంగారుపూత కుళాయి మాటయే లోకమంతట ప్రాకెను గాని, మా యెంచికలో నది చిన్న సంగతి. కొట్టు నిండియుండగా లేమి చెప్పి పేదవాని డాలరు నడుగుటయే పెద్దది. ఆయన వ్యాజ్యమును విడిచిపెట్టెను. పాలకవర్గము రాజీనామా చేసెను. చందాగా వచ్చిన ప్రతి డాలరులో పది సెంట్లు మాత్రమే రక్తశుద్ధికి చేరినట్లు ఆ డిసెంబరున తనిఖీదారులు తెలిపిరి. 2007లో ఆయనకు మూడు నెలల కారాగారశిక్ష విధింపబడెను. సంస్థ మూతపడలేదు, క్రొత్తవారు చికిత్సను సాగించిరి.

కావున వార్షిక నివేదిక దొరికినప్పుడు నవ్వుమొగముల చిత్రములను దాటి వెనుకపుటలకు పొండు. నిల్వను ఒక యేటి వ్యయముచే భాగింపుడు; వచ్చినది యెన్ని యేండ్లో చూడుడు. లెక్క రాని పెద్దలు బడిపిల్లలచేత చేయింపవచ్చును. పిమ్మట రోగులు తామే చెల్లించిన రుసుమెంతో, చందాలనుండి వారికి చేరినదెంతో వేరుగా చూడవలెను. ఈ రెంటిని కలిపి చూపుట కలదు. గుమాస్తా జీతము కనబడగానే కోపింపకుడు. చిట్టా వ్రాయువాడు లేనిచో తనిఖీ యెట్లు జరుగును?

మీ తోటకు అట్టి నివేదిక వచ్చినయెడల బడికి తెండు. సాయంకాలము చదివి చెప్పెదము.