నాదానికి వర్ణరూపం

ఉర్దూ తెలియని విద్యార్థి సైతం గజల్ గానానికి తల ఊపుతాడు. తెలుగు రాని మిత్రుడు త్యాగరాజ కృతిని విని పరవశిస్తాడు. మాటలే లేని రాగాలాపనకు అర్థమేమిటని మనలో ఎవ్వరమూ అడగము. కాని నైరూప్య చిత్రం ఎదుట నిలిచినంతనే "ఇది దేని బొమ్మ?" అని ప్రశ్నిస్తాము. చెవికి ఇచ్చిన స్వేచ్ఛను కంటికి ఇవ్వకపోవడం న్యాయమా?

సంగీతాన్ని చిత్రంగా మలచాలన్న తపన మనకు కొత్తది కాదు. దక్కను సుల్తానుల కాలంలోనే చిత్రకారులు రాగమాలా చిత్రాలను రచించారు. అయితే వాటిలో రాగం నాయికగానో, నాయకుడుగానో, ఋతువుగానో దర్శనమిస్తుంది. అక్కడ చిత్రితమైనది రాగాన్ని గురించిన భావన, నాదం కాదు.

ఆ నాదాన్నే వర్ణాలలో పట్టదలచినవాడు రష్యాలో జన్మించిన కాండిన్‌స్కీ. 1911 జనవరిలో మ్యూనిక్ నగరంలో షోన్‌బర్గ్ సంగీత కచేరీని విని, ఆ అనుభూతితో 'ఇంప్రెషన్ 3 (కచేరీ)' అనే చిత్రాన్ని రచించాడు. అందులో పియానో ఒక నల్లని ఆకారం మాత్రమే. శ్రోతలు కొన్ని వంపు గీతలు. వారందరినీ ముంచెత్తుతూ పసుపు వర్ణం వెల్లువలా పరచుకొంటుంది. ఆ వెల్లువయే అతడు విన్న సంగీతం.

స్వరానికొక వర్ణాన్ని కేటాయిస్తే చాలునని కొందరు భావించవచ్చు. కాని రష్యన్ స్వరకర్తలలోనే రిమ్‌స్కీ కోర్సకోవ్‌కు తెల్లగా తోచిన 'సి మేజర్' స్వరశ్రేణి స్క్రియాబిన్‌కు ఎర్రగా తోచింది. అందరికీ చెల్లే వర్ణ నిఘంటువు లేదని దీనివల్ల స్పష్టమవుతున్నది.

కనుక అనువదించదగినది స్వరం కాదు, స్వరాల నడుమనున్న సంబంధం. లయకు ఆవృత్తి, విరామానికి ఖాళీ స్థలం, ఆరోహణకు పైకెగసే గీత సమానం కాగలవు. మోండ్రియాన్ 1942-43లో న్యూయార్కులో చిత్రించిన 'బ్రాడ్‌వే బూగీ వూగీ' ఇందుకు నిదర్శనం. పసుపు, ఎరుపు, నీలి చదరాలు ఆగి ఆగి సాగుతూ, ఆ పేరుగల పియానో సంగీతపు దరువును కంటికి అందిస్తాయి.

అట్లని రాగం పేరు తగిలించిన ప్రతి రంగుల పులుముడూ కళాఖండం కాజాలదు. గాయకుడు శ్రుతి తప్పితే శ్రోత సహించడు. వర్ణాలు పొసగకపోతే ప్రేక్షకుడూ సహించనక్కరలేదు. కాని ఆ తీర్పు చెప్పడానికి ముందు, ఒక రాగాన్ని వినేటంత సేపైనా ఆ చిత్రాన్ని చూడటం మన కనీస ధర్మం. అప్పుడు మనం అడగవలసినది "దేని బొమ్మ?" అని కాదు, "శ్రుతి కలిసినదా?" అని.